మనకి కోపం వచ్చినవాడికి కూడా అవే హక్కులు

ఎడిటర్ గారికి నమస్కారం.

డిసెంబర్ 10న మానవ హక్కుల దినం అని మీ పేపర్లో వచ్చిన వ్యాసం మీద పాఠకుల ఉత్తరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి, అన్నీ చదువుతున్నాను. ఎక్కువమంది అడిగేది ఒకటే, ఈ మానవ హక్కులు నేరస్తులకేనా, బాధితులకి ఉండవా, మామూలు జనానికి ఉండవా అని. ఒకాయనైతే దొరికినవాణ్ణి దొరికినచోటే కాల్చేస్తే కోర్టుల ఖర్చన్నా మిగుల్తది అని రాశారు. ఆ ఉత్తరం చదివాక మనసు ఊరుకోలేదు, అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగైంది, తగ్గించి వేసుకున్నా పర్లేదు గానీ మధ్యలో ఇబ్రహీంపట్నం కేసు సంగతి మాత్రం తీసెయ్యొద్దని మనవి.

నేను లాయర్ని కాదు. కోర్టు కాంప్లెక్స్ ఎదురుగా జిరాక్స్, డీటీపీ షాపు నడుపుకుంటా. బెయిల్ పిటిషన్లు, అఫిడవిట్లు, జామీను కాగితాలు టైప్ చేసిపెడతా, రిమాండ్ రిపోర్టులు, అంటే అరెస్ట్ గురించి పోలీసులు కోర్టుకిచ్చే కాగితాలు, జిరాక్స్ తీసిస్తా. పొద్దున షట్టర్ ఎత్తేసరికే మెట్ల మీద ఎవరో ఒకళ్ళు కూర్చుని ఉంటారు, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఒక పాస్‌పోర్ట్ సైజు ఫొటో. భార్యో తల్లో చెల్లెలో. ఎక్కువ మంది కూలి పనులు చేసుకునేవాళ్ళే, ఆ రోజు పని మానుకుని వచ్చినవాళ్ళే.

అట్లా ఒకసారి పూలమ్ముకునే ఆవిడ వచ్చింది. కొడుకుని గురువారం రాత్రి బండి దొంగతనం కేసు అని స్టేషన్‌కి తీసుకెళ్ళారంట. శుక్రవారం వెళ్ళి అడిగితే సాయంత్రం పంపిస్తాంలే పో అన్నారు, శనివారం వెళితే ఎస్సై గారు లేరు అన్నారు, ఆదివారం సాయంత్రం మేజిస్ట్రేట్ గారి ఇంటి దగ్గర హాజరుపరిచి రిమాండ్‌కి పంపారు. సోమవారం లాయర్ గారి గుమాస్తా ఆ రిమాండ్ రిపోర్టు పట్టుకొచ్చి జిరాక్స్ తియ్యమంటే తీస్తున్నా, ఆవిడ పక్కనే నిలబడి ఏం రాశారు బాబూ అని అడిగింది, చదువు రాదు ఆవిడకి. చదివి చెప్పా. ఆదివారం పొద్దున 11 గంటలకి బస్టాండ్ సమీపంలో అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నట్టు ఉంది అందులో. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అన్నది, "ఆదివారం పొద్దున బస్టాండ్‌లో ఎట్టా ఉంటాడయ్యా, శనివారం రాత్రి స్టేషన్‌కి అన్నం క్యారియర్ పట్టుకెళ్ళింది నేనే కదా, గిన్నెలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి" అని.

ఆ కుర్రాడు బండి దొంగతనం చేశాడో లేదో నాకు తెలియదు, అది తేల్చడానికే కోర్టు ఉంది. నాకు తెలిసిందల్లా ఆ మూడు రాత్రులు కాగితం మీద లేవు. కాగితం మీద లేని రాత్రి లోపల ఏం జరిగినా జరగనట్టే. కొట్టినా కొట్టనట్టే, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నా పెట్టించుకోనట్టే. ఇది ఏ ఒక్క స్టేషన్ గురించో చెప్పే మాట కాదండి, కోర్టుల చుట్టూ తిరిగే ఎవర్నడిగినా ఆ "అనుమానాస్పదంగా తిరుగుతుండగా" అనే వాక్యం అప్పజెప్తారు, అంతగా అలవాటైపోయింది.

మన రాజ్యాంగంలో 22వ అధికరణం ఏం చెప్తదంటే, అరెస్ట్ చేసినవాణ్ణి ప్రయాణానికి పట్టే టైమ్ తీసేసి 24 గంటల లోపల మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ఎందుకు అరెస్ట్ చేశారో వాడికి చెప్పాలి, వాడికి ఇష్టమైన లాయర్‌తో మాట్లాడనివ్వాలి. ముందు రాసుకున్న ముసాయిదాలో ఇది లేదు. 1949 సెప్టెంబర్ 15న అంబేడ్కర్ గారు దీన్ని రాజ్యాంగ సభ ముందు పెట్టారు. అప్పుడు ఆ సభలో కూర్చున్నవాళ్ళలో చాలామంది బ్రిటిష్ వాడి జైళ్ళలో ఉండొచ్చినవాళ్ళే. మన రాజమండ్రి దుర్గాబాయమ్మ గారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు, బయటికొచ్చాక లా చదివారు, ఆ సభలో మెంబర్‌గా కూర్చున్నారు. తలుపు బయట నుంచి గొళ్ళెం పడ్డాక మనిషి ఎంత ఒంటరో తెలిసినవాళ్ళు రాసుకున్న మాటలవి. నేరస్తుల మీద జాలితో రాసినవి కాదు.

దానికి సంవత్సరం ముందే, 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటన ఒప్పుకుంది, అందుకే ఆ తేదీని మానవ హక్కుల దినం అంటున్నాం. 48 దేశాలు అవునన్నాయి, మన దేశం కూడా, ఒక్కటి కూడా వద్దనలేదు, 8 దేశాలు ఓటెయ్యకుండా ఊరుకున్నాయి. 30 అధికరణాలు ఉంటాయి దాంట్లో. ప్రతి మనిషికీ బతికే హక్కు ఉందని 3, ఎవర్నీ చిత్రహింస పెట్టకూడదని 5, ఇష్టమొచ్చినట్టు నిర్బంధించకూడదని 9, నేరం రుజువయ్యేదాకా నిర్దోషిగానే చూడాలని 11 చెప్తాయి. మంచివాళ్ళకి అని ఎక్కడా లేదు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి మూడేళ్ళే అయింది. లక్షల మందిని క్యాంపుల్లో పెట్టి చంపిన హిట్లర్ సర్కారు ఆ పని తన చట్టాలు పెట్టుకునే, తన ఆఫీసులూ తన సీళ్ళతోనే చేసింది. ముందు ఈ మనుషులు వేరు, వీళ్ళకి మనలాంటి హక్కులు అక్కర్లేదు అని జనం చేత అనిపించారు, మిగతాదంతా ఆ తర్వాతే అయింది.

ఇప్పుడు ఇబ్రహీంపట్నం కేసు. మా వైపు వాళ్ళెవరూ మర్చిపోలేదు. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో లేడీస్ హాస్టల్లో బీఫార్మసీ చదివే అమ్మాయిని దారుణంగా చంపేశారు. రాష్ట్రం మొత్తం అట్టుడికిపోయింది, పట్టుకోండి పట్టుకోండి అని రోజూ ధర్నాలు, పోలీసుల మీద ఒత్తిడి. నెలలు గడిచాయి. 2008లో నందిగామ దగ్గర పల్లెటూరి కుర్రాణ్ణి, దళిత కుటుంబం, కూలి పనులు చేసుకునేవాళ్ళు, తీసుకొచ్చి వీడే అన్నారు. అమ్మాయి తల్లిదండ్రులే మొదట్నుంచీ వీడు కాదు, అసలువాళ్ళని వదిలేసి ఎవర్నో తెచ్చి ఇరికిస్తున్నారు అని మొత్తుకుంటూ వచ్చారు. బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు చెప్పినా ఎవరూ వినలేదు. 2010లో విజయవాడ కోర్టు జీవిత ఖైదు వేసింది. జైల్లో ఉండగానే కుర్రాడికి నరాల జబ్బు వచ్చి కాళ్ళు పడిపోయి మంచాన పడ్డాడు. 2017 మార్చి 31న హైకోర్టు కేసు మొత్తం చూసి వీడికి ఈ హత్యతో సంబంధం ఉన్నట్టు రుజువు లేదు అని కొట్టేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్ళు దాటిపోయింది. లక్ష రూపాయలు. తర్వాత 2018లో హైకోర్టే కేసుని సీబీఐకి ఇచ్చింది, 2019 డిసెంబర్‌లో తెనాలిలో ఆ అమ్మాయి మృతదేహాన్ని మళ్ళీ బయటికి తీసి పరీక్ష చెయ్యాల్సి వచ్చింది. ఆ తల్లి మనసు ఎట్లా ఉండి ఉంటదో ఆలోచించండి ఒకసారి.

దొరికినచోటే కాల్చేయాలి అని రాసిన పాఠకుడు గారిని నేను మర్యాదగానే అడుగుతున్నా, 2008లో మీరన్నట్టే జరిగి ఉంటే ఏమయ్యేదండి? మనమందరం పేపర్లో ఫొటో చూసి హమ్మయ్య న్యాయం జరిగింది అనుకునేవాళ్ళం. ఆ కుర్రాడు మట్టిలో కలిసిపోయేవాడు. హైకోర్టు తీర్పు ఉండేది కాదు, సీబీఐ ఉండేది కాదు, అసలు చంపినవాడి కోసం వెతకాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. నిందితుడికి అప్పీలు చేసుకునే హక్కు ఉండబట్టే ఆ అమ్మాయి కేసు మళ్ళీ తెరుచుకుంది. నిందితుడి హక్కు వేరు బాధితురాలి హక్కు వేరు అని మనం అనుకుంటాం, ఈ కేసులో రెండూ ఒకటే అయ్యాయి.

పైగా ఆ ఎనిమిదేళ్ళలో ఆ కుర్రాడి ఇంట్లోవాళ్ళు ఊళ్ళో ఎట్లా తిరిగి ఉంటారు, ఎవడు పనికి పిలిచి ఉంటాడు, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎవరు రానిచ్చి ఉంటారు, అది ఏ తీర్పులోనూ ఉండదు.

2019 సంగతి కూడా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీకొచ్చిన ఉత్తరాల్లో సగం దాన్నే ఉదాహరణ చూపిస్తున్నాయి. నవంబర్ 27 రాత్రి శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర వెటర్నరీ డాక్టర్ని, దిశ అని పేరు పెట్టుకున్నాం ఆ అమ్మాయికి, అత్యాచారం చేసి చంపి చటాన్‌పల్లి దగ్గర తగలబెట్టారు. నాకూ ఆడపిల్ల ఉంది, ఆ వారం రోజులు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ అదే చోట ఎన్‌కౌంటర్‌లో పోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు, స్వీట్లు పంచుకున్నారు. కోపం నాకు అర్థమైంది. కానీ తర్వాత ఏం తేలిందో ఎంతమంది చదివారు? సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి సిర్పూర్కర్ గారి అధ్యక్షతన కమిషన్ వేసింది, ఆ రిపోర్టు 2022 మే నెలలో బయటికొచ్చింది. తుపాకులు లాక్కుని పారిపోబోయారు అన్న మాట నమ్మేట్టు లేదని, చంపాలని కావాలనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు పెట్టి విచారించాలని అందులో రాశారు. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా తేల్చారు. ఆ రిపోర్టుని సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకి పంపింది, పోలీసులు దాన్ని సవాలు చేశారు, అది వాళ్ళ హక్కు, చేసుకోవాల్సిందే. వాళ్ళకి లాయర్ ఉన్నాడు, వాయిదా ఉంది, వాదన చెప్పుకునే టైమ్ ఉంది. ఆ నలుగురికి ఏది లేకుండా పోయిందో సరిగ్గా అదే.

ఇంకొకటి. ఆ రాత్రి ఆ అమ్మాయి ఇంట్లోవాళ్ళు స్టేషన్‌కి పరిగెత్తితే మా పరిధి కాదు అక్కడికి వెళ్ళండి అని తిప్పారు, ఎవరితోనైనా వెళ్ళిపోయిందేమో అన్నట్టు మాట్లాడారని వాళ్ళే చెప్పుకుని ఏడ్చారు. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు కూడా. అసలు అడగాల్సిన ప్రశ్న అక్కడుంది కదండీ. ఆ గంటల్లో ఎవరైనా కదిలి ఉంటే ఏమైనా తేడా వచ్చేదా, రాత్రిపూట ఆడపిల్ల తప్పిపోయింది అంటే స్టేషన్‌లో ఏం చేస్తారు, ఈ ప్రశ్నలన్నీ డిసెంబర్ 6 పొద్దున్నే పూల కింద కప్పబడిపోయాయి. ఏ పరిధిలో జరిగినా వచ్చిన స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి, ఇప్పుడు పాత సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టంలో (బీఎన్ఎస్ఎస్) అది స్పష్టంగా ఉంది. బాధితుల హక్కు అంటే అది. దానికోసం ఉత్తరాలు రాద్దాం రండి, నేనూ రాస్తా.

మానవ హక్కుల వాళ్ళు ఒక వైపే మాట్లాడతారు అని ఇంకొకరు రాశారు. బాలగోపాల్ గారి గురించి కొంచెం తెలుసుకుని ఉంటే ఆ మాట రాసేవారు కాదేమో. వరంగల్ కాకతీయ యూనివర్సిటీలో లెక్కల మాస్టారు ఆయన, ఆ ఉద్యోగం వదిలేసి జీవితమంతా ఊళ్ళు పట్టుకు తిరిగారు. ఎన్‌కౌంటర్ జరిగిన చోటికల్లా వెళ్ళి నిజనిర్ధారణ చేశారు, అంతే గట్టిగా నక్సలైట్లు చేసిన హత్యల్నీ తప్పన్నారు, ఆ విషయంలో తన పౌరహక్కుల సంఘంలో వాళ్ళతోనే తేడా వచ్చి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. 2009 అక్టోబర్‌లో పోయారు. అంతకుముందు 1985లో వరంగల్లోనే పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథం గారిని కాల్చి చంపారు, పిల్లల డాక్టర్ ఆయన. ఇట్లాంటివాళ్ళు మన తెలుగు నేల మీదే తిరిగారు, మన పిల్లలకి వాళ్ళ పేర్లు కూడా తెలియవు, నాకదే బాధ.

మనకేం అవుతుందిలే మనం ఏ తప్పూ చెయ్యం అనుకునేవాళ్ళు ఎమర్జెన్సీ గుర్తు తెచ్చుకోవాలి. 1975 నుంచి 77 దాకా మీసా అనే నిర్బంధ చట్టం కింద ఆరెస్సెస్ వాళ్ళూ కమ్యూనిస్టులూ సోషలిస్టులూ అందరూ అవే జైళ్ళలో ఉన్నారు, వెంకయ్య నాయుడు గారు అప్పుడు కుర్రాడు, ఆయనా జైలుకెళ్ళారు. 1976లో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో మనిషిని అక్రమంగా పట్టుకెళ్ళినా కోర్టుకి రావడానికి లేదు అని నలుగురు జడ్జీలు ఒక వైపు, హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే ఒక వైపు తీర్పిచ్చింది. ఆ ఒక్క జడ్జికి దక్కాల్సిన చీఫ్ జస్టిస్ పదవి పోయింది. తర్వాత 44వ సవరణ చేసి ఎమర్జెన్సీ పెట్టినా సరే 20, 21 అధికరణాలు మాత్రం ఆపడానికి వీల్లేదని రాసుకున్నాం. ఆ 21, అంటే ప్రాణానికీ స్వేచ్ఛకీ ఉన్న హక్కు, ఈ దేశంలో ఉన్న ప్రతి మనిషికీ, పౌరుడు కాకపోయినా సరే వర్తిస్తది. జైల్లో ఉన్నవాడికి కూడా. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న తండ్రీకొడుకుల మీద ప్రత్యర్థులు బాంబులేశారు, మాకు ప్రాణభయం ఉంది అని వాళ్ళు ముందే చెప్పుకున్నా ఎవరూ కాపలా పెంచలేదు, తండ్రి పోయాడు. సర్కారుకి సంబంధం లేదు అని ఏళ్ళ తరబడి వాదిస్తే 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ఖైదీ కూడా మనిషే, వాడి ప్రాణానికి సర్కారుదే పూచీ అంది.

ఇక బెయిల్ సంగతి, ఇది నా షాపులో రోజూ చూసేది. 2022 చివరికి దేశం మొత్తం జైళ్ళలో ఉన్నవాళ్ళు 5 లక్షల 73 వేల మంది అయితే అందులో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలే, అంటే నూటికి దాదాపు 76 మందికి అప్పటికింకా శిక్షే పడలేదు. కొంతమందికి బెయిల్ వచ్చినా బయటికి రారు. ఎందుకంటే ఇద్దరు జామీనుదార్లు కావాలి, వాళ్ళకి ఇంటి పన్ను రసీదు ఉండాలి, పొలం పాస్‌బుక్ ఉండాలి. అద్దె ఇంట్లో ఉండేవాడికి, వలస వచ్చి అపార్ట్‌మెంట్ కట్టే దగ్గర రేకుల షెడ్డులో ఉండేవాడికి ఎవడిస్తాడండి జామీను? బెయిల్ ఆర్డర్ కాపీ నా దగ్గరే జిరాక్స్ తీయించుకుని జామీనుదారు కోసం ఊళ్ళకి ఊళ్ళు తిరిగి మళ్ళీ ఉట్టి చేతులతో వచ్చిన ఆడవాళ్ళని చాలామందిని చూశా. డబ్బున్నవాడు శుక్రవారం లోపలికెళ్ళి సోమవారం బయటికొస్తాడు, వాణ్ణి చూసి జనం చట్టం అంటే ఇంతే అంటారు, లోపలే ఉండిపోయినవాడు ఎవరికీ కనపడడు. బెయిల్ వచ్చాక వారం రోజుల్లో బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ గారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది. ఆ సంగతి నేను చెప్పేదాకా నా షాపుకి వచ్చేవాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

తెలియకపోవడం దగ్గరే సగం నష్టం జరుగుతోంది, అందుకే కొన్ని ఇక్కడే రాసేస్తున్నా, మీ పేపర్ చదివే ఏ ఒక్క ఇంటికి పనికొచ్చినా చాలు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో చాలావాటికి వెంటనే అరెస్ట్ అక్కర్లేదు, నోటీసిచ్చి పిలిచి విచారించొచ్చు, ఇదివరకు 41ఏ నోటీసు అనేవాళ్ళం, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 35 అయింది. అరెస్ట్ చేస్తే ఇంట్లోవాళ్ళకి కబురు చెప్పాలి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్ళని అరెస్ట్ చెయ్యకూడదు, తప్పనిసరైతే మహిళా పోలీసు ఉండాలి, మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. ఎందుకు అరెస్ట్ చేస్తున్నారో కాగితం మీద, వాడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది, ఏ కేసైనా సరే. మేజిస్ట్రేట్ గారి ముందు పెట్టినప్పుడు కొట్టారా అని అడుగుతారు, ఆ ఒక్క నిమిషం చాలా విలువైంది, అప్పుడు భయపడి తల అడ్డంగా ఊపేస్తే తర్వాత చెప్పినా నమ్మించడం కష్టం. కస్టడీలో ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఫ్రీగా లాయర్ని పెడతారు, 15100కి ఫోన్ చెయ్యొచ్చు. ఎప్పుడు తీసుకెళ్ళారో ఆ టైమ్ రాసి ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టో ఈమెయిలో వెంటనే పంపిస్తే, ఆదివారం బస్టాండ్ దగ్గర దొరికాడు అని రాయడం కష్టమవుద్ది. పూలమ్ముకునే ఆవిడకి ఇది గురువారం రాత్రే తెలిసి ఉంటే బాగుండేది.

పోలీసుల మీద ద్వేషంతో రాస్తున్నా అనుకోవద్దు. నా షాపుకి కానిస్టేబుళ్ళు రోజూ వస్తారు, కేస్ డైరీల కట్టలు మోసుకుని, బందోబస్తు డ్యూటీ చేసి రాత్రి నిద్ర లేక కళ్ళు ఎర్రగా. వాళ్ళకి వీక్లీ ఆఫ్ సరిగ్గా దొరకదు, స్టేషన్‌లో స్టేషనరీకి కూడా చేతి డబ్బులు పెట్టుకుంటారు, అది కూడా హక్కుల సమస్యే. పైనుంచి రెండు రోజుల్లో తేల్చండి అని ఒత్తిడి వస్తే వాళ్ళు సైంటిఫిక్‌గా ఆధారాలు వెతికే టైమ్ ఎక్కడ, దొరికినవాడి చేత ఒప్పించడమే దగ్గర దారి అయిపోద్ది. ఆ ఒత్తిడి పెట్టేది ఎవరు, మనమే కదా, జనం, టీవీలు, పేపర్లు. చిత్రహింసకి వ్యతిరేకంగా ఉన్న అంతర్జాతీయ ఒడంబడిక మీద మన దేశం 1997లోనే సంతకం పెట్టింది, ఇప్పటికీ దాన్ని ఆమోదించి చట్టం చెయ్యలేదు. ఏ పార్టీ సర్కారు వచ్చినా చెయ్యలేదు. మేం ఓట్లేసే జనం ఎప్పుడూ అడగలేదు కాబట్టి. తెలంగాణలో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కి ఛైర్మన్ లేకుండా రెండేళ్ళకి పైగా గడిచిపోయి 2025లో గానీ నియమించలేదు, దానిమీద ఎక్కడన్నా ఒక్క ధర్నా జరిగిందేమో చెప్పండి.

చివరిగా మీకే కొన్ని మనవులు, ఎడిటర్ గారూ. జిల్లా పేజీలో వారానికి రెండు మూడుసార్లు ఒకే ఫొటో వస్తుంది, ముందు టేబుల్ మీద సెల్‌ఫోన్లు గానీ బంగారం గానీ గంజాయి ప్యాకెట్లు గానీ, వెనక కుర్చీల్లో అధికారులు, వాళ్ళ వెనక మొహాలకి ముసుగులేసి వరసగా నిలబెట్టిన మనుషులు. కొన్నిసార్లు ముసుగు కూడా ఉండదు. కింద మీరు రాసే హెడ్డింగ్ "దొంగల ముఠా అరెస్ట్", "కామాంధుడు కటకటాల్లోకి". ఇంకా చార్జిషీటే పడలేదు, మీరు మాత్రం తీర్పు చెప్పేశారు. పోలీసులు మీడియాకి ఏం చెప్పొచ్చో ఏం చెప్పకూడదో రూల్స్ రాయమని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది, వాటితో పనిలేకుండా మీ పేపర్ తనంతట తాను మొదలుపెట్టొచ్చు. నిందితుడు అని రాయండి, చార్జిషీటు పడేదాకా మొహం వెయ్యకండి, ఊరు పేరు తండ్రి పేరు కులం అన్నీ రాసి ఆ ఇంటి మిగతావాళ్ళని బజారుకి ఈడ్చకండి. రిమాండ్ రిపోర్టులో ఉన్నది పోలీసుల మాట అని తెలిసేట్టు రాయండి, ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారో కూడా ఒక్క లైన్ అడిగి వెయ్యండి.

ఇంకోటి, ఇది ముఖ్యమైంది. మీ జిల్లా పేజీలో మొహం వేసిన మనిషి రెండేళ్ళకో అయిదేళ్ళకో నిర్దోషిగా బయటికొస్తే ఆ వార్త కూడా అదే పేజీలో, అదే సైజులో, అదే మొహంతో, ఆయనకి ఇష్టమైతేనే, వెయ్యండి. తీర్పు కాపీ దొరకడం కష్టం అంటారేమో, మా కోర్టు వరకు నేను చూసుకుంటా. కొట్టేసిన కేసుల తీర్పులు నా దగ్గర జిరాక్స్‌కి వస్తూనే ఉంటాయి, వాళ్ళు ఒప్పుకుంటే కాపీ తీసి మీ విలేకరి గారికి డబ్బులు తీసుకోకుండా నేనే ఇస్తా. ఆయన్ని ఏదో ఒక శనివారం సాయంత్రం నా షాపుకి పంపండి.

ఇట్లు,
కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుకునే మీ పాఠకుడు,
ఎన్టీఆర్ జిల్లా